రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్: ఒక డబుల్స్ ఆటగాని క్రీడాజీవితము

రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ 2000వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన కోనసీమలోని అమలాపురమున జన్మించెను. బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో భారతదేశమునకు అంతకు మున్నెన్నడును దక్కని కీర్తిని ఆర్జించిన జంటలో ఇతడొకడు. రెండవవాడు ముంబయి వాసియగు చిరాగ్ శెట్టి. వీరిలో ఒకనిని గూర్చి వ్రాయబూనినవారు రెండవవానిని విడిచి ఒక్క పుటయైనను ముందుకు సాగజాలరు. సింగిల్స్ ఆటగాని ర్యాంకు అతని పేరిటనే యుండును. డబుల్స్ ఆటగానికో, ర్యాంకు, పతకము, ఓటమి, పారితోషికము సమస్తమును మఱియొకనితో పంచుకొనవలసినవే. తన భుజము నొచ్చినచో తోడివాని ఏడాది వ్యర్థమగును. తోడివాని మనస్సు చెదరినచో తన గెలుపు చేజారును. లోకము సాత్విక్‌ను అతని స్మాష్ వేగమును బట్టి ఎఱుగును. తనకు సహజమైన ఆటను కొంత వదలుకొని, జంటకు కావలసిన ఆటను పట్టుదలతో నేర్చుకొనుట ఆ వేగముకంటె గొప్ప సాధన యని ఈ వ్యాసకర్త నమ్మకము.

అతని ప్రతిభను తూచుటకు ముందు డబుల్స్ ఆట తీరును కొంత తెలిసికొనవలెను. డబుల్స్ కోర్టు 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు గలది. సింగిల్స్ కోర్టుకన్న వెడల్పున 92 సెంటీమీటర్లు మాత్రమే అధికము. ఆ కొద్దిపాటి అదనపు స్థలమునకు ఒక మనిషి అదనముగా నిలుచుటచేత ఖాళీ తగ్గి, షటిల్ నేలను తాకు అవకాశము సన్నగిల్లి, ఓర్పుతో ప్రత్యర్థిని కోర్టు నలుమూలలకు పరుగెత్తించి అలయించు సింగిల్స్ యుక్తులు ఇచట అంతగా పనిచేయవు. దాడి చేయునపుడు ఒకరి వెనుక నొకరును, కాచుకొనునపుడు ప్రక్కప్రక్కనను నిలుచుట డబుల్స్ ఆటగాండ్ర మొదటి పాఠము. ఒక విన్యాసమునుండి మఱియొక విన్యాసమునకు మాఱునపుడు, ఎవరు ముందుకు రావలెను, ఎవరు వెనుకకు పోవలెను అనునది మాటలతో తేల్చుకొనుటకు వ్యవధి లేదు. షటిల్ పోయిన దిక్కును బట్టియు, తోడివాని భుజము వంగిన తీరును బట్టియు దేహము తానై కదలవలెను.

సర్వీసు వేళ ఈ ఆటలోని సూక్ష్మత స్పష్టముగా కనబడును. సర్వీసు చేయువాడు నెట్టునకు 1.98 మీటర్ల దూరమున నున్న గీత వెనుక నిలిచి, షటిల్ ఈకలను రెండు వ్రేళ్ల కొసలతో పట్టి, రాకెట్టును నడుము ముందు అడ్డముగా నుంచి, బ్యాక్‌హ్యాండ్‌తో మెల్లగా నెట్టును. 2018లో వచ్చిన నియమము ననుసరించి, దెబ్బ తగులు క్షణమున షటిల్ నేలనుండి 1.15 మీటర్లకు మించిన ఎత్తున ఉండరాదు. నెట్టు నడిమి ఎత్తు 1.524 మీటర్లు. కావున షటిల్ పైకి లేచియే నెట్టును దాటక తప్పదు. అవతలివాడు రాకెట్టును తల కెత్తుగా నెత్తి, ముందు పాదముపై బరువు మోపి, అది నెట్టు అంచునుండి బెత్తెడు పైకి లేచినను చాలును, క్రిందికి కొట్టి ముగించుటకు కాచుకొని యుండును. సర్వీసు, దాని తిరుగుదెబ్బ, దానిపై మూడవ దెబ్బ, ఈ మూడింటితోడనే ర్యాలీలో దాడి ఎవరిదో, కాపు ఎవరిదో తఱచుగా తేలిపోవును. 2006 వఱకు సర్వీసు చేయు పక్షమునకే పాయింటు దక్కెడిది. ఆ యేడు ప్రతి ర్యాలీకిని పాయింటు నిచ్చు 21 పాయింట్ల పద్ధతి వచ్చుటతో సర్వీసులోని చిన్న తప్పునకు సైతము వెల పెరిగెను.

భారతదేశమున చిరకాలము డబుల్స్ ఆటకు రెండవ పంక్తిలోనే పీట వేసిరి. ప్రకాశ్ పదుకొణె, పుల్లెల గోపీచంద్, సైనా నెహ్వాల్, పూసర్ల వెంకట సింధు, కిదాంబి శ్రీకాంత్ వంటి సింగిల్స్ వీరుల వెలుగులో డబుల్స్ విజయములు మఱుగున పడెను. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో లీరాయ్ డిసా, ప్రదీప్ గంధేల జంట కాంస్యము గెలిచిన పిమ్మట పురుషుల డబుల్స్‌లో ఆ క్రీడల పతకమునకై దేశము నాలుగు దశాబ్దములు నిరీక్షింపవలసి వచ్చెను. నడుమ హైదరాబాదు క్రీడాకారిణి గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కూడి 2010 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణమును, 2011 ప్రపంచ పోటీలలో కాంస్యమును సాధించి, డబుల్స్‌కు సరియైన శిక్షణ, గౌరవము, ధనము కావలెనని గొంతెత్తి పలికెను. ఆమె మాటలోని న్యాయమును కాలము నిరూపించెను.

ధనము సంగతి కొంత వివరింపదగియున్నది. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య టూర్‌లోని సూపర్ 1000 స్థాయి పోటీలలో మొత్తము పారితోషికమునుండి సింగిల్స్ విజేతకు 7 శాతమును, డబుల్స్‌లో గెలిచిన జంటకు 7.4 శాతమును ఇత్తురు. 2023 ఇండోనేషియా ఓపెన్ పారితోషికము మొత్తము 12,50,000 డాలర్లు. సింగిల్స్ విజేతకు 87,500 డాలర్లు ముట్టగా, డబుల్స్ జంటకు లభించినది 92,500 డాలర్లు, అనగా ఒక్కొక్కరికి 46,250. అదే వారము, అదే అంగణము, అంతే చెమట. ఫలము మాత్రము ఇంచుమించు సగము. ఇట్టి వృత్తిని ఎంచుకొని నిలిచినవారి పట్టుదలను ఈ లెక్క తెలియక అంచనా వేయుట సాధ్యము కాదు.

సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథం వ్యాయామోపాధ్యాయుడు, స్వయముగా రాష్ట్రస్థాయి ఆటగాడు; తల్లి రంగమణి; అన్న రామచరణ్ కూడ రాకెట్టు పట్టినవాడే. ఇంటిలోనే ఆట యున్నందున, బాలునికి రాకెట్టు ఆటవస్తువుగా మొదలై క్రమముగా జీవనమార్గ మయ్యెను. 2014లో అతడు హైదరాబాదు గచ్చిబౌలిలోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరెను. దేశమంతటినుండియు సింగిల్స్ ఆశతో పిల్లలు వచ్చి చేరు ఆ స్థలమున, పొడగరియై, బలిష్ఠమైన భుజములు గల ఈ కోనసీమ బాలుడు డబుల్స్ దారి పట్టెను. మొదట తెలుగువాడే యగు గరగ కృష్ణప్రసాద్ అతని జతగాడు.

2015లో భారత డబుల్స్ శిక్షకుడుగా వచ్చిన మలేషియా దేశస్థుడు టాన్ కిమ్ హర్, సాత్విక్‌ను చిరాగ్‌తో జతచేసెను. చిరాగ్ 1997లో పుట్టినవాడు, ముంబయిలో ఉదయ్ పవార్ వద్ద ఆట నేర్చినవాడు. ఇరువురును వెనుకకోర్టునుండి బలముగా కొట్టుటకు అలవాటుపడినవారు. నెట్టు దగ్గఱ నిలిచి ఆటను అల్లు నేర్పు ఇరువురిలో ఎవరికిని స్వభావసిద్ధము కాదు. డబుల్స్‌లో సాధారణముగా వెనుక బలము గల ఒకనిని, ముందు చురుకుదనము గల ఒకనిని కూర్చుదురు. ఇద్దఱు వెనుకవారిని ఒక్కచోట చేర్చుట అప్పట్లో ఎంతయో సాహసము. ఆ నిర్ణయము ఫలించుటకు కారణము, ఇద్దఱును తమ కిష్టము కాని పని నేర్చుటకు ఒప్పుకొనుట. చిరాగ్ క్రమముగా మధ్యకోర్టులోను నెట్టు దగ్గఱను డ్రైవ్‌లతో ప్రత్యర్థుల నూపిరి తిరుగనీయని ఆటగాడయ్యెను. సాత్విక్ వెనుకనుండి దాడికి ఆధారముగా నిలిచియు, సర్వీసు తిరుగుదెబ్బలోను, మూడవ దెబ్బలోను మెత్తని స్పర్శను సంపాదించెను. ఎదుటివారికి వీరిలో బలహీనమైన ముందువాడెవ్వడు, వెనుకవాడెవ్వడు అను ప్రశ్నకు సమాధానము దొఱకకుండుటయే ఈ జంట విశిష్టత.

2016లో మారిషస్, బంగ్లాదేశ్ మొదలగు చోట్ల చిన్న అంతర్జాతీయ పోటీలలో గెలిచి ఈ యువకులు తమ ఉనికిని చాటిరి. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో భారత మిశ్రమ జట్టు స్వర్ణము గెలుచుటలో సాత్విక్ పాత్ర పెద్దది. ఆ ఫైనల్లో మలేషియాపై అశ్విని పొన్నప్పతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ మ్యాచ్ గెలిచెను. పురుషుల డబుల్స్‌లో చిరాగ్‌తో రజతము గైకొనెను. ఆ యేడే హైదరాబాద్ ఓపెన్ టైటిల్ లభించెను. 2019 ఆగస్టు 4న బ్యాంకాక్‌లో థాయిలాండ్ ఓపెన్ ఫైనల్లో చైనాకు చెందిన లీ జున్‌హుయి, లియు యుచెన్‌లను 21-19, 18-21, 21-18 తేడాతో ఓడించుటతో, సూపర్ 500 స్థాయి టైటిల్ గెలిచిన తొలి భారత పురుషుల జంటగా వీరు చరిత్ర కెక్కిరి. అప్పటికి సాత్విక్‌కు పందొమ్మిదేండ్లు నిండలేదు.

టోక్యో ఒలింపిక్స్ (2021) కథ వీరి జీవితమున వేరుగా చెప్పుకొనవలసినది. గ్రూపు దశ తొలి మ్యాచ్‌లోనే చైనీస్ తైపీ జంట లీ యాంగ్, వాంగ్ చి-లిన్‌లను 21-16, 16-21, 27-25 తేడాతో గెలిచిరి. తరువాత ఇండోనేషియాకు చెందిన మార్కస్ గిడియాన్, కెవిన్ సుకముల్జోల చేతిలో ఓడిరి. చివరి మ్యాచ్‌లో బ్రిటన్ జంటను గెలిచిరి. మూడింట రెండు గెలుపులు. అయినను గ్రూపులో మఱి రెండు జంటలకును రెండేసి గెలుపులు రాగా, గేముల తేడాను లెక్కించిరి: ఇండోనేషియాకు మూడు, తైపీకి రెండు, భారత జంటకు ఒకటి. ఆ లెక్కతో సాత్విక్, చిరాగ్‌లు క్వార్టర్ ఫైనల్ చేరకయే వెనుదిరిగిరి. లీ, వాంగ్‌లు ఆ ఒక్క ఓటమితో బయటపడి, ఫైనల్ గెలిచి స్వర్ణపతక మందిరి. ఒలింపిక్ విజేతలను ఆ క్రీడలలో ఓడించిన ఏకైక జంట పతకపు పోరు దాకయైనను పోలేకపోయెను. నియమములు అందఱకును సమానములే, వానిని తప్పుపట్టుటకు వీలులేదు. అయినను ఇంతటి దురదృష్టము తరువాత మఱల సాధనకు పోవుటకు ఎంత గుండెదిటవు కావలెనో ఆలోచింపదగును.

2021లోనే డెన్మార్క్‌కు చెందిన మథియాస్ బో ఈ జంటకు శిక్షకు డయ్యెను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో రజతము గెలిచిన ఆ ప్రౌఢుడు, వీరి దాడిలోని బలమును అటులే యుంచి, కాపుదలకును, సర్వీసునకును మెఱుగు దిద్దెను. ఫలితము వెంటనే కానవచ్చెను. 2022 జనవరిలో ఇండియా ఓపెన్ ఫైనల్లో, ముమ్మాఱు ప్రపంచవిజేతలైన మొహమ్మద్ అహసాన్, హెంద్రా సెతియావాన్‌లను 21-16, 26-24 తేడాతో ఓడించిరి.

అదే యేడు మే 15న బ్యాంకాక్‌లో పురుషుల జట్టు పోటీయగు థామస్ కప్ ఫైనల్. ఎదుట పద్నాలుగు మాఱులు ఆ కప్పును గెలిచిన ఇండోనేషియా. భారతదేశమునకు అది మొట్టమొదటి ఫైనల్. తొలి సింగిల్స్‌లో లక్ష్య సేన్ గెలిచెను. రెండవ మ్యాచ్ డబుల్స్. అహసాన్, సుకముల్జోలు మొదటి గేమును 21-18తో గైకొని, రెండవ గేములో మ్యాచ్ పాయింట్ల వఱకు చేరుకొనిరి. అచట ఒక్క పొరపాటు జరిగినను స్కోరు సమమై, భారత జట్టుపై ఒత్తిడి పెరిగి యుండెడిది. ఆ పాయింట్లను ఒకటొకటిగా కాచుకొని వీరు గేమును 23-21తో దక్కించుకొనిరి. మూడవ దానిని 21-19తో ముగించిరి. పిమ్మట శ్రీకాంత్ గెలిచి 3-0తో కప్పును ఖాయము చేసెను. జట్టు పోటీలలో భారతదేశము మునుపు డబుల్స్ మ్యాచ్‌లను పోగొట్టుకొని, సింగిల్స్‌పై బరువు మోపి నెగ్గుకొనివచ్చెడిది. డబుల్స్ నుండియే ఊపిరి పీల్చుకొను స్థితి వచ్చుట భారత బ్యాడ్మింటన్ చరిత్రలో పెద్ద మలుపు.

ఆ వేసవిలోనే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణమును, ఆగస్టులో టోక్యో ప్రపంచ పోటీలలో కాంస్యమును వీరు గెలిచిరి. ప్రపంచ పోటీల పురుషుల డబుల్స్‌లో భారతదేశమునకు అది తొలి పతకము. సెమీఫైనల్లో వీరిని ఆపినవారు మలేషియాకు చెందిన ఆరన్ చియా, సో వూయ్ యిక్‌లు. ఆ యేడు ప్రపంచవిజేతలు వారే. అక్టోబరులో ఫ్రెంచ్ ఓపెన్ టైటిల్ వచ్చెను.

2023 ఈ జంటకు మహావత్సరము. మార్చిలో స్విస్ ఓపెన్. ఏప్రిల్ 30న దుబాయిలో ఆసియా ఛాంపియన్‌షిప్. 1965లో దినేశ్ ఖన్నా సింగిల్స్ గెలిచిన తరువాత ఆ పోటీలో భారతీయులకు దక్కిన తొలి స్వర్ణ మిదియే. జూన్ 18న జకార్తాలో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్‌లో మఱల చియా, సోలు ఎదురైరి. అంతకుముందు జరిగిన ఎనిమిది మ్యాచ్‌లలోను వారిదే గెలుపు. ఈ మాఱు 21-17, 21-18తో గెలిచి, సూపర్ 1000 టైటిల్ నందిన తొలి భారత డబుల్స్ జంటగా నిలిచిరి. జులైలో కొరియా ఓపెన్. అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కొరియా జంట చోయి సోల్-గ్యు, కిమ్ వోన్-హోలను 21-18, 21-16తో ఓడించి స్వర్ణము గెలిచిరి. బ్యాడ్మింటన్‌లో ఆసియా క్రీడల స్వర్ణము భారతదేశమున కదియే ప్రథమము. మూడు దినముల పిదప వెలువడిన ర్యాంకుల పట్టికలో వీరు ప్రపంచమున మొదటి స్థానమున నుండిరి.

ఆ సంవత్సరముననే, ఏప్రిల్ 14న, జపాను సైతామా ప్రాంతమునందలి సోకా పట్టణములో యోనెక్స్ కర్మాగారపు వ్యాయామశాలలో సాత్విక్ కొట్టిన స్మాష్ వేగము గంటకు 565 కిలోమీటర్లని కొలిచి, పురుషులలో అత్యంత వేగవంతమైన స్మాష్‌గా గిన్నిస్ సంస్థ నమోదు చేసెను. మునుపటి రికార్డు 2013లో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ నెలకొల్పిన 493 కిలోమీటర్లు. ఈ సంఖ్యను సరిగా అర్థము చేసికొనవలెను. అది రాకెట్టునుండి షటిల్ వెడలు క్షణపు వేగము. పదునాఱు ఈకలతో, అయిదున్నర గ్రాములకు మించని బరువుతో నుండు షటిల్ గాలి తాకిడికి శీఘ్రముగా మందగించును, ఎదుటివాని యొద్దకు చేరునప్పటికి దాని వేగము చాల తగ్గును. మ్యాచ్‌లో స్మాష్‌నకు విలువ నిచ్చునది దాని దిశ, కోణము, కొట్టిన సమయము. కుడిచేతివాని కుడి తుంటివైపునకును, ఇరువురి నడిమికిని షటిల్‌ను పంపి, ఎవరు తీయవలెనో అను సందేహమును పుట్టించి, వచ్చిన బలహీనమైన తిరుగుదెబ్బను ముందున్న చిరాగ్ చేత ముగింపజేయుట సాత్విక్ స్మాష్ యొక్క అసలు ప్రయోజనము. అతడు తోడివాని కొఱకు ద్వారము తెఱచుచున్నాడు. పాయింటు పేరు చాలమాఱులు రెండవవానికి పోవును.

2024లో మలేషియా, ఇండియా ఓపెన్ ఫైనల్స్‌లో ఓడినను, మార్చిలో పారిస్‌లోని పోర్ట్ ద లా షాపెల్ అంగణమున ఫ్రెంచ్ ఓపెన్‌ను, మేలో థాయిలాండ్ ఓపెన్‌ను గెలిచిరి. నడుమ భుజబాధచే సాత్విక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌నకు దూరము కాగా, చిరాగ్ కూడ ఆగవలసి వచ్చెను. ఆగస్టు 1న, ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన ఆ అంగణమునందే ఒలింపిక్ క్వార్టర్ ఫైనల్లో చియా, సోలు వీరిని 13-21, 21-14, 21-16తో ఓడించిరి. మొదటి గేమును అంత సునాయాసముగా గెలిచిన పిమ్మట చేజారిన మ్యాచ్ అది. పారిస్ తరువాత బో శిక్షకవృత్తి నుండి విరమించుకొనెను. సాత్విక్ భుజము మఱల బాధింపగా జంట నవంబరు వఱకు పోటీల కెక్కలేదు. 2025 ఫిబ్రవరిలో తండ్రి కాశీ విశ్వనాథం కాలధర్మము నొందెను. తొలుత వీరిని జతపఱచిన టాన్ కిమ్ హర్ మఱల శిక్షకుడుగా వచ్చెను. ఆగస్టులో ప్రపంచ పోటీలు అదే పారిస్ అంగణమున జరిగెను. క్వార్టర్ ఫైనల్లో ఎదురైనది అదే మలేషియా జంట. ఈ పర్యాయము 21-12, 21-19తో గెలుపు వీరిది. సెమీఫైనల్లో చైనా జంట చేతిలో మూడు గేములలో ఓడి, రెండవమాఱు ప్రపంచ కాంస్యము గైకొనిరి. సెప్టెంబరులో హాంకాంగ్ ఓపెన్, చైనా మాస్టర్స్ రెండింటను ఫైనల్ చేరి రెండవ స్థానమున నిలిచిరి.

ఒకే జతగానితో దశాబ్దము గడుపుట డబుల్స్ లోకమున సర్వసాధారణము కాదు. ఇండోనేషియాలో పుట్టిన టోనీ గుణవన్, 2000 ఒలింపిక్ స్వర్ణమును చంద్రా విజయతో, 2001 ప్రపంచ టైటిల్‌ను హలీం హర్యాంతోతో, 2005 ప్రపంచ టైటిల్‌ను అమెరికా పక్షమున హోవర్డ్ బాక్‌తో గెలిచి, జత మాఱినను తన విద్య మాఱదని చూపెను. హెంద్రా సెతియావాన్ మార్కిస్ కిడోతో ఒలింపిక్ స్వర్ణము గెలిచి, పిదప అహసాన్‌తో మూడు ప్రపంచ టైటిళ్లు గెలిచెను. హాంగ్‌ఝౌలో సాత్విక్ జంటచే ఓడిన కిమ్ వోన్-హో, జత మార్చుకొని సియో సుంగ్-జేతో కలిసి 2025లో ప్రపంచవిజేత యయ్యెను. ఆ సెప్టెంబరున చైనా మాస్టర్స్ ఫైనల్లో వీరిని ఓడించినది ఆ క్రొత్త జంటయే. సాత్విక్, చిరాగ్‌లు మాత్రము ఓటమి వచ్చినపుడు జతను మార్చుకొనక, ఆటనే మార్చుకొనిరి. ఇందు వలన వారికి ఒకరి లోపముల నొకరు కప్పు నేర్పు అలవడెను. ప్రత్యర్థులకు వీరి ఆటను చదువుకొనుటకు కావలసినంత కాలమును చిక్కెను. ఆ రెండింటి నడుమ నడచుచున్నది నేడు వీరి ఆట.

2020లో అర్జున పురస్కారము, 2023 సంవత్సరమునకు మేజర్ ధ్యాన్‌చంద్ ఖేల్‌రత్న సాత్విక్‌నకు చిరాగ్‌తో పాటు లభించెను. తెలుగునాట డబుల్స్ నిప్పుడు ప్రధానవృత్తిగా ఎంచుకొనువారు పెరిగిరి: సుమీత్ రెడ్డి, సిక్కి రెడ్డి వంటివారు సాత్విక్‌కు ముందే ఈ బాటను నడచినవారు కాగా, పుల్లెల గాయత్రి, ట్రీసా జాలీతో జతకట్టి 2022, 2023 ఆల్ ఇంగ్లండ్ పోటీలలో సెమీఫైనల్ చేరెను. సాత్విక్, చిరాగ్‌ల జంటకు ఒలింపిక్ పతకము, ఆల్ ఇంగ్లండ్ టైటిల్ 2025 ముగియునాటికి ఇంకను లభింపలేదు.